పీఎఫ్ డబ్బుతో తోట కొనకండి



నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు ఏ ఊరు చూసినా హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్న పిల్లలు కనబడతారు. 2025 జూలైలో టీసీఎస్ సంస్థ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. అలాంటి వార్త మన ఇంటి దాకా వస్తే ఏం చేయాలి?

ముందు ఇంట్లో చెప్పేయండి. ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, వర్క్ ఫ్రమ్ హోమ్ అని నెలల తరబడి నటించడం కంటే నరకం లేదు. అరుగు మీద బాబాయి "ఏరా, సెలవులా?" అంటే, "కంపెనీలో మనుషుల్ని తగ్గించారు బాబాయ్, వేరేచోట చూస్తున్నా" అనేయండి. ఎవరి అల్లుడి ఆఫీసులో ఖాళీ ఉందో మీ సంగతి తెలిస్తేనే కదా చెప్పేది!

రెండోది, కాగితాలు. మీరే రాజీనామా చేసినట్టు రాసివ్వమంటే తొందరపడి సంతకం పెట్టకండి. రిలీవింగ్ లెటర్, పేస్లిప్పులు తీసి పెట్టుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ మీ హక్కు. మూల వేతనం, డీఏ కలిపి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున లెక్కగట్టి 30 రోజుల్లో ఇవ్వాలి. ఈఎస్ఐ కడుతూ వచ్చినవాళ్లు నిరుద్యోగ భృతి సంగతి ఆ ఆఫీసులో అడగండి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఎప్పటితో ఆగిపోతుందో కనుక్కోండి.

ఇక అసలు మాట. చేతికి పీఎఫ్ డబ్బు రాగానే మన ప్రాంతంలో ఒక ఆశ పుడుతుంది: పూత మీద ఒక మామిడి తోట కాపు కొంటే పోలా అని. సంక్రాంతి నాటికి చెట్టు నిండా పూత చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. కానీ పూతంతా పిందె కాదు, పిందెంతా కాయ కాదు. తేనెమంచు పురుగు పడితే మందుల ఖర్చు. ఏప్రిల్‌లో ఒక్క గాలివాన వస్తే బంగినపల్లి కాయంతా నేల మీదే. అన్నీ దాటుకుని నున్న మామిడి మార్కెట్‌కు పట్టుకెళ్తే, ఆ రోజు ధర మీ చేతిలో ఉండదు. తలలు పండిన వ్యాపారులే దెబ్బతినే బేరం ఇది.

మామిడి మీద మనసుంటే ఈ సీజనుకు ఓ వ్యాపారి దగ్గర లెక్కలు రాయండి, కాయ గ్రేడింగ్ నేర్చుకోండి, లోడు వెంట మార్కెట్‌కు వెళ్లండి. రోజుకు రెండు గంటలు మాత్రం ఉద్యోగ దరఖాస్తులకే కేటాయించండి.

నిద్ర పట్టక, మనసు కుంగిపోతుంటే 14416కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

తల్లిదండ్రులకూ ఒక మనవి. పక్కింటి అబ్బాయి ప్యాకేజీ ఊసు కొన్నాళ్లు ఎత్తకండి. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆరు నెలల ఖర్చు, ఈఎంఐలతో సహా, ముందే విడిగా తీసి పెట్టండి. ఏ సాహసమైనా అది పోగా మిగిలిన దాంతోనే చేయండి.