సైకిలుపై మన్యమునకు

నర్సీపట్నము నుండి సైకిలుపై మన్యమును దర్శింపగోరు వారికి రెండు చక్కని మార్గములు గలవు.

మొదటిది సులభము. పొలముల నడుమ, కొండల చేరువన సాగి, గొలుగొండ మండలములోని కృష్ణదేవిపేటకు చేరును. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి సల్పి, ఆయుధములను గైకొని, పరప్రభుత్వమును కలవరపెట్టిన అల్లూరి సీతారామరాజు సమాధి అచటనే యున్నది.

రెండవది కఠినము. డౌనూరు దాటిన పిదప ఘాట్ రోడ్డు మలుపులనెక్కి, కాఫీ తోటలను, వాటి నీడచెట్లకల్లుకొనిన మిరియపు తీగెలను కనుచు, లంబసింగి మీదుగా చింతపల్లికి పోవును.

శీతకాలపు సెలవుదినములలో మంచును చూడవచ్చువారి కార్లతో లంబసింగి దారి క్రిక్కిరిసియుండును. కావున పనిదినముననే బయలుదేరుడు. పొగమంచులో దీపము వెలిగించుకొనుడు. దిగునపుడు రెండు బ్రేకులను కొద్దికొద్దిగా నొక్కుచు రండు. చీకటి పడకమునుపే కొండ దిగుడు.

మరల చెప్పుచున్నాను: క్రొత్తవారు ముందు కృష్ణదేవిపేటకు పొండు, కాళ్ళకు బలము చేకూరిన పిదప లంబసింగికెక్కుడు. పనిదినము, పగటివేళ, మితమైన వేగము: ఈ మూడును మరువకుడు.