స్లావ్ భాషల్లో ఎలుగుబంటి: ఒక పదం, దాని వెనుక ఒక భయం



రాత అంటూ లేని కాలంలో మనుషులు దేనికి భయపడేవారో ఈనాడు మనం తెలుసుకోగలమా? శాసనాలు లేవు, గ్రంథాలు లేవు. కాని వారి మాటలు మాత్రం వారి సంతతి నోట మిగిలి ఉన్నాయి. అలాంటి ఒక మాటను ఈ పాఠంలో పరిశీలిద్దాం. అది స్లావ్ భాషల్లో ఎలుగుబంటికి ఉన్న పేరు.

రష్యన్, ఉక్రేనియన్, పోలిష్, చెక్, స్లోవాక్, సెర్బియన్, క్రొయేషియన్, స్లోవీన్, బల్గేరియన్ మొదలైనవి స్లావ్ భాషలు. సుమారు 1500 సంవత్సరాల క్రితం ఇవన్నీ దాదాపు ఒకే భాషగా ఉండేవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ఇప్పుడు ఈ పట్టిక చూడండి. ఉచ్చారణను మన లిపిలో వీలైనంత దగ్గరగా రాశాము.

రష్యన్: మెద్వేద్
చెక్: మెద్‌వ్యెద్
సెర్బియన్, స్లోవీన్: మెద్వెద్
క్రొయేషియన్: మెద్‌వ్యేద్
ఉక్రేనియన్: వెద్‌మీద్
పోలిష్: న్యెజ్‌వ్యెచ్
బల్గేరియన్: మెచ్కా

మొదటి నాలుగు వరుసల్లో పోలిక చూడగానే తెలుస్తుంది. ఉక్రేనియన్‌లో మొదటి అక్షరాల్లోని 'మ', 'వ' ఒకదాని చోటికి ఒకటి మారాయి. మన వాడుకలోనూ 'నవ్వులాట' 'నవ్వుతాలు' అయినట్టు మాటలు రూపు మారుతూనే ఉంటాయి గదా! పోలిష్‌లో మొదటి 'మ' కాస్తా 'న' అయింది; పాత పోలిష్‌లో అది 'మ'తోనే ఉండేది. బల్గేరియన్‌లో పొట్టి ముద్దుపేరు అసలు పేరు స్థానాన్ని ఆక్రమించింది. 2008 నుంచి 2012 వరకు రష్యా అధ్యక్షుడుగా ఉన్న మెద్వేదెవ్ పేరు మీరు వినే ఉంటారు. ఆ ఇంటిపేరు పుట్టింది ఈ మాట నుంచే.

మరి ఈ మాటకు అర్థమేమిటి? దీన్ని రెండు ముక్కలుగా విడదీయాలి. మొదటిది 'మెదు', అంటే తేనె. సంస్కృతంలోని 'మధు' దీని తోబుట్టువు. రెండవది 'ఏద్', అంటే తినడం. సంస్కృతంలో 'అద్' అనే ధాతువు, లాటిన్‌లో 'ఎదో', ఇంగ్లీషులో 'ఈట్' దీని బంధువులే. మనం రోజూ తినే 'అన్నం' అనే మాట కూడా ఆ 'అద్' ధాతువు నుంచి వచ్చినదే. తెలుగు ద్రావిడ భాష కాబట్టి మధువు, అన్నం మనకు సంస్కృతం ద్వారా వచ్చాయి. మన సొంత మాటలు తేనె, కూడు. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

'మెదు', 'ఏద్' కలిస్తే మధ్యలో 'వ' ఎలా వచ్చింది? జవాబు మీ వ్యాకరణ పుస్తకంలోనే ఉంది. ఇ, ఉ, ఋ లకు అసవర్ణమైన అచ్చులు పరమైతే య, వ, ర లు వస్తాయి. ఇది యణాదేశ సంధి. గురు + ఆజ్ఞ = గుర్వాజ్ఞ. అణు + అస్త్రం = అణ్వస్త్రం. అదే పద్ధతిలో మెదు + ఏద్ = మెద్వేద్. ఋగ్వేదం మొదటి మండలంలో పక్షులను వర్ణిస్తూ 'మధ్వద్' అనే మాట వాడారు. మధు + అద్ = మధ్వద్, తేనె తినేది. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ముక్కలు అవే, అతుకు అదే. అయితే సంస్కృతంలో అది ఎలుగుబంటి పేరు కాలేదు.

ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశం ఉంది. రష్యన్ మాట వింటే 'మెద్ - వేద్' అని విడదీయాలనిపిస్తుంది. 'వేద్' అంటే తెలియడం, మన 'వేదం'లోని 'విద్' ధాతువుకు బంధువు. అప్పుడు 'తేనె జాడ తెలిసినది' అని చక్కని అర్థం వస్తుంది. చాలామంది అలాగే అనుకుంటారు. కాని రెండవ ముక్క హల్లుతో మొదలైతే రష్యన్ సమాసంలో మధ్య ఒక అచ్చు నిలుస్తుంది. తేనెతో పానీయం కాచేవాణ్ణి 'మెదొవార్' అంటారు; అందులో 'ఒ' చూడండి. 'మెద్వేద్'లో అటువంటి అచ్చు లేదు. కాబట్టి అర్థం బాగున్నంత మాత్రాన వ్యుత్పత్తి సరైనది కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఎలుగుబంటికి అంతకుముందు పేరు లేదా? ఉంది. సంస్కృతంలో 'ఋక్ష', గ్రీకులో 'ఆర్క్‌తోస్', లాటిన్‌లో 'ఉర్సుస్', పారశీకంలో 'ఖిర్స్', ఆర్మేనియన్‌లో 'ఆర్జ్'. ఇవన్నీ ఒకే మూలపదం నుంచి వచ్చినవి. జాంబవంతుణ్ణి ఋక్షరాజు అనడం మీకు తెలిసినదే. ఆకాశంలోని సప్తర్షులను పూర్వం 'ఋక్షాః' అనేవారని శతపథ బ్రాహ్మణం చెబుతోంది. గ్రీకులు కూడా ఆ నక్షత్రాలను ఎలుగుబంటి అనే పిలిచారు. ఉత్తర ధ్రువ ప్రాంతానికి 'ఆర్కిటిక్' అనే పేరు అలా వచ్చిందే.

ఇంత విస్తారంగా వ్యాపించిన ఈ మాట స్లావ్ భాషల్లో లేదు. పక్కనే ఉన్న లిథువేనియన్‌లో ఎలుగుబంటిని 'లొకీస్' అంటారు. జర్మన్, ఇంగ్లీషు భాషల్లోని మాటకు 'గోధుమరంగుది' అని అర్థమని పలువురి అభిప్రాయం. అంటే ఉత్తర యూరప్ అడవుల్లో, ఎలుగుబంటికి ఎదురుపడే ప్రజల భాషల్లోనే పాత పేరు మాయమైంది. 1906లో ఫ్రెంచి భాషాశాస్త్రవేత్త ఆంత్వాన్ మెయ్యే దీనికి ఒక వివరణ ఇచ్చాడు. అసలు పేరు పలికితే ఆ జంతువు వింటుందనీ, వచ్చి మీద పడుతుందనీ భయపడి వేటగాళ్లు మారుపేరు వాడి ఉంటారు. పిల్లలు మారుపేరునే విన్నారు. కొన్ని తరాల తరువాత అసలు పేరు ఎవరికీ తెలియకుండా పోయింది.

ఇది ఊహ మాత్రమే కదా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. ఆనాటి వేటగాడి సాక్ష్యం మన దగ్గర లేదు. అయినా ఈ ఊహకు బలం ఉంది. వేరే భాషా కుటుంబానికి చెందిన ఫిన్నిష్‌లో ఎలుగుబంటిని 'మెసికెమ్మెన్' అంటారు, అంటే 'తేనె అరచేయి'. రష్యాలో 'మెద్వేద్' అనే మారుపేరే అసలు పేరుగా స్థిరపడ్డాక, మళ్లీ దానికి మారుపేర్లు పుట్టాయి: 'యజమాని', 'వంకరపాదాలవాడు', 'మిఖాయిలో పొతాపిచ్'. 1980 మాస్కో ఒలింపిక్స్ చిహ్నమైన 'మీషా' అనే ఎలుగుబంటి పిల్లది కూడా ఈ మిఖాయిల్ పేరే.

మన ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. పాము కరిస్తే 'పురుగు ముట్టింది' అంటారు. దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అంటారు. మశూచి వస్తే 'అమ్మవారు పోసింది' అనేవారు. రేపు ఒక తరం 'పాము' అనే మాటనే పూర్తిగా మరచిపోయిందనుకోండి. అప్పుడు స్లావ్ ప్రజల విషయంలో జరిగినదేమిటో మనకు తేలిగ్గా అర్థమవుతుంది.

అందుచేత విద్యార్థులారా, భాషలను పోల్చేటప్పుడు రెండు విషయాలు చూడాలి. అన్నిచోట్లా ఉన్న మాట ఆ భాషల చుట్టరికాన్ని తెలుపుతుంది. ఉండవలసిన చోట లేని మాట ఆ ప్రజల మనసును తెలుపుతుంది. మీ అమ్మమ్మను, తాతయ్యను అడగండి: రాత్రిపూట వారు ఏ మాటలు పలకరు, వాటికి బదులు ఏమంటారు? వాటిని ఒక పుస్తకంలో రాసుకోండి. అసలు మాట, మారుమాట, రెండూ తెలిసినవారు ఉండగానే ఆ పని చేయాలి.