కొలతకు పూచీ

 పట్టాలు అందుకున్న మీ అందరికీ నా హృదయపూర్వక అభినందనలు.

నేను చదువుకున్నదీ పనిచేసిందీ ఖగోళశాస్త్రంలో. అందుకని నాకు తెలిసిన సంగతులతోనే నాలుగు మాటలు చెబుతాను.

రోహిణి, ఆర్ద్ర, స్వాతి, జ్యేష్ఠ. పంచాంగంలో, కార్తెల్లో, పుట్టిన నక్షత్రాల్లో మన ఇళ్లలో ఎప్పుడూ వినబడే పేర్లే ఇవి. ఈ నాలుగూ ఒకే జాతి నక్షత్రాలు కూడా. సూర్యుడి కంటే ఎన్నో రెట్లు ఉబ్బిపోయి, పైభాగం చల్లబడి, ఎర్రగానో నారింజ రంగులోనో కనిపించే బృహత్తారలు. వాటిలో ఆర్ద్ర, జ్యేష్ఠ మరీ పెద్దవి. సూర్యుడి ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 5,770 కెల్విన్లయితే స్వాతిది 4,300కు, రోహిణిది 3,900కు, ఆర్ద్రది 3,600కు అటూ ఇటూగా ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగలగొట్టే ఎండ సూర్యుడిది. ఆ రోజుల్లో సూర్యుడి వెనక ఎంతో దూరంలో ఉండే రోహిణి అతని కంటే బాగా చల్లనిది.

మనిషి ఎన్నడూ చేరుకోలేని చోట ఉన్న మంటకు ఇంత ఉష్ణోగ్రత అని అంకె వేసి చెప్పడానికి రెండు కొలతలు చాలు. ఒకటి, ఆ నక్షత్రం నుంచి అన్ని రంగుల్లోనూ కలిపి మనకు చేరే మొత్తం శక్తి. రెండోది దాని కోణీయ వ్యాసం, అంటే ఆకాశంలో అది మన కంటికి ఎంత కోణంలో ఆనుతుందన్నది. స్టెఫాన్–బోల్ట్జ్‌మన్ సూత్రం ప్రకారం ఉపరితలంలో ప్రతి చదరపు మీటరూ వెదజల్లే శక్తి ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. మొత్తం శక్తిని ఆకాశంలో కనిపించే నక్షత్రపు పళ్లెం వైశాల్యంతో భాగిస్తే వచ్చే అంకె నుంచి ఉష్ణోగ్రత తెలిసిపోతుంది. నక్షత్రం ఎంత దూరంలో ఉందో ఈ లెక్కకు తెలియనక్కర్లేదు. ఆర్ద్ర దూరం మీద పండితులు ఇప్పటికీ ఒక్క మాట మీదికి రాలేదు, అయినా దాని ఉష్ణోగ్రత మనకు తెలుసు. నాలుగో ఘాతం ఇంకో మేలు కూడా చేస్తుంది. వ్యాసంలో రెండు శాతం పొరపాటు వస్తే ఉష్ణోగ్రతలో వచ్చేది ఒక శాతమే.

చిక్కంతా ఆ వ్యాసం కొలవడంలోనే ఉంది. ఆర్ద్ర కోణీయ వ్యాసం, కోణాలను కొలిచే చిన్న ప్రమాణమైన ఆర్క్‌సెకనులో ఇరవయ్యో వంతుకు కాస్త తక్కువ. రూపాయి బిళ్లను వంద కిలోమీటర్ల దూరంలో నిలబెట్టి చూస్తే సుమారు అంత ఉంటుంది. గాలి కదలికల వల్ల టెలిస్కోపులో నక్షత్రం ఆర్క్‌సెకను వెడల్పున అలుక్కుపోయి కనిపిస్తుంది కాబట్టి నేరుగా చూసి కొలవడం కుదరదు.

దారి చూపినవాడు ఫ్రాన్స్ దేశపు భౌతికశాస్త్రవేత్త ఫిజో. 1868లో ఆయన ఒక సూచన చేశాడు. నక్షత్రపు వెలుగును రెండు వేరు వేరు చోట్ల నుంచి తీసుకుని కలిపితే వెలుగు–చీకటి చారలు ఏర్పడతాయి. నక్షత్రం ఒట్టి చుక్క అయితే ఆ రెండు చోట్ల మధ్య ఎడం ఎంత పెంచినా చారలు నిలుస్తాయి. దానికి వెడల్పు ఉంటే మాత్రం ఒక అంచు నుంచి వచ్చిన చారల మీద ఇంకో అంచు నుంచి వచ్చినవి పడి, ఒక ఎడం దగ్గర అన్నీ చెరిగిపోతాయి. ఆ ఎడాన్ని బట్టి వ్యాసం లెక్కకట్టవచ్చు. మార్సే నగరంలో స్టెఫాన్ (ఇందాకటి సూత్రంలోని స్టెఫాన్ కాదు, వేరే ఆయన) 1873–74లో 80 సెంటీమీటర్ల టెలిస్కోపుతో ఈ పని చేశాడు. ఏ నక్షత్రానికీ చారలు చెరగలేదు. నక్షత్రాల వ్యాసాలు 0.158 ఆర్క్‌సెకను కంటే చిన్నవి అని మాత్రం ఆయన చెప్పాడు. తన పరికరం ఎంతవరకు చెప్పగలదో అంతవరకే చెప్పి ఆగాడు.

ఇప్పుడు 1920 డిసెంబరు 13 రాత్రికి రండి. కాలిఫోర్నియాలో మౌంట్ విల్సన్ కొండ మీద అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్దదైన 100 అంగుళాల టెలిస్కోపు. దాని మూతి మీద అడ్డంగా 20 అడుగుల ఉక్కు దూలం, ఆ దూలం మీద అటూ ఇటూ జరిపే అద్దాలు. ఈ దూలం, అద్దాల అమరిక భౌతికశాస్త్రవేత్త మైకెల్సన్‌ది, ఆ రాత్రి పరిశీలన చేసింది ఫ్రాన్సిస్ పీస్. అద్దాల ఎడం 121 అంగుళాలకు పెట్టాడు. ముందు పెర్సియస్ రాశిలోని ఒక నక్షత్రం వైపు తిప్పితే చారలు కనిపించాయి. ఆర్ద్ర వైపు తిప్పాడు, చారలు లేవు. గాలి నిలకడగానే ఉంది. ఎంత వెతికినా లేవు.

ఆ ఘడియలో ఎవరైనా విజయం సాధించామని కేక పెట్టవచ్చు. కానీ చారలు కనపడకపోవడానికి వంద కారణాలుంటాయి. అద్దం వెంట్రుకవాసి కదిలినా, రెండు వైపుల నుంచి వెలుగు నడిచే దారుల పొడవులో కాస్త తేడా వచ్చినా చారలు పోతాయి. అందుకని పీస్ టెలిస్కోపును ప్రోసియాన్ అనే ఇంకో నక్షత్రం వైపు తిప్పాడు. చారలు ఏ కష్టమూ లేకుండా కనిపించాయి. పరికరం బాగానే ఉందని, చారలు లేకపోవడం ఆర్ద్ర లక్షణమేనని అప్పుడు తేలింది. కోణీయ వ్యాసం 0.047 ఆర్క్‌సెకను అని ప్రకటించారు. అంతకు కొద్ది నెలల ముందు ఖగోళశాస్త్రవేత్త ఎడింగ్టన్ కేవలం సిద్ధాంతం ఆధారంగా 0.051 ఉండవచ్చని అంచనా వేశాడు. రెండూ ఎంత దగ్గరగా వచ్చాయో చూడండి.

ఈ రోజు నేను మీకు చెప్పదలచుకున్నదంతా ప్రోసియాన్ వైపు తిరిగిన ఆ కొద్ది నిమిషాల్లోనే ఉంది. 'లేదు' అని చెప్పే ముందు, ఉంటే మనకు కనిపించి ఉండేదని రుజువు చేసుకోవాలి. కొలతకు పూచీ పడటమంటే అదే.

పూచీకి ఇంకో పక్క కూడా ఉంది. ఈ చల్లని తారలకు గీత గీసినట్టుండే అంచు లేదు. మధ్యలో ప్రకాశంగా ఉండి అంచుకు వెళ్లేకొద్దీ మసకబారతాయి. పళ్లెమంతా ఒకే వెలుగు అనుకుని లెక్కవేస్తే వ్యాసం అసలు కంటే చిన్నదిగా వస్తుంది. 0.047 అనే అంకె ఆ ఊహ మీద వచ్చిందేనని, అంచు మసకను లెక్కలోకి తీసుకుంటే అది పెరుగుతుందని ఆ తొలి పత్రంలోనే రాశారు. పైగా వీటి పైపొరల్లో టైటానియం ఆక్సైడ్ వంటి అణువులు ఉంటాయి. అవి వెలుగును మింగే రంగులో చూస్తే మన చూపు పైపొర దగ్గరే ఆగిపోతుంది, నక్షత్రం పెద్దదిగా కనిపిస్తుంది. మీరా అనే తార ఆ రంగుల్లో పక్క రంగుల్లో కంటే రెట్టింపు వరకు పెద్దదిగా ఉంటుందని 1970లలో కొలిచారు. కాబట్టి ఒకే తారకు ఇద్దరు రెండు వ్యాసాలు చెబితే ఎవరు అబద్ధమాడారని అడగకండి. ఏ రంగులో, ఏ ఊహతో కొలిచారని అడగండి. అవి చెప్పని అంకె సగం అంకె.

కొలవడానికి మనకు చంద్రుడు కూడా సాయం చేస్తాడు. చంద్రుడికి రోహిణి అంటే ప్రాణమని మన పురాణాలు చెబుతాయి. రోహిణి అతని దారిలోనే ఉంటుంది కాబట్టి కొన్నేళ్ల పాటు నెలనెలా దాన్ని కప్పుతూ సాగుతాడు. 2015 నుంచి 2018 వరకు అలాగే జరిగింది. చంద్రుడి అంచు రోహిణి పళ్లెం మీదుగా జరగడానికి పట్టే కాలం సుమారు సెకనులో ఇరవై అయిదో వంతు. ఆ కాస్త వ్యవధిలో వెలుగు ఎలా తగ్గిందో మిల్లీసెకన్లలో నమోదు చేస్తే వ్యాసం దొరుకుతుంది. రాజస్థాన్‌లో మౌంట్ ఆబూ మీద గురుశిఖర్ దగ్గరున్న టెలిస్కోపుతో మన శాస్త్రవేత్తలు పరారుణ కాంతిలో ఈ పద్ధతిలో ఎన్నో తారలను కొలిచారు. హైదరాబాదు నిజామియా వేధశాలలోనూ చంద్రుడు నక్షత్రాలను కప్పే క్షణాలను పట్టుకుని రాసిపెట్టిన పరంపర ఉంది. అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకే, నిజాం కళాశాలలో చదువుకుని దేశంలో ఖగోళశాస్త్రానికి కొత్త ఊపిరి పోసిన వైను బప్పు. ఈ విద్య మన వీధిలోనూ నడిచిందని మీరు తెలుసుకోవాలి.

పట్టభద్రులారా, మీలో చాలామంది నక్షత్రాల జోలికి వెళ్లరు. కానీ మీరందరూ ఏదో ఒకటి కొలుస్తారు. మందుల కంపెనీ ల్యాబులో చేరేవారు శాంపిల్లో మలినం లేదని సంతకం పెట్టే ముందు, మలినం ఉందని తెలిసిన శాంపిల్‌ను అదే యంత్రంలో పెట్టి పట్టుకుంటోందో లేదో చూడండి. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవారు టెస్టులన్నీ పాసయ్యాయని సంబరపడే ముందు, కావాలని తప్పు కోడ్ ఇచ్చి అవి ఫెయిల్ అవుతున్నాయో లేదో చూడండి. ఊళ్లో ఎవరికీ రక్తహీనత లేదని రిపోర్టు రాసే వైద్యులు, పరీక్షకు రానివారి ఇళ్లకు వెళ్లి అడగండి. ఆడిటర్లయినా, ఇంజనీర్లయినా, పాత్రికేయులైనా ఇదే వరస.

ఇందుకు ఎక్కువ సమయం పడుతుంది. పై అధికారి తొందరపెడతాడు, పోటీదారు ముందే ప్రకటిస్తాడు. ఆ ఒత్తిడిని నేను తక్కువ చేసి చెప్పను. అయినా మీరిచ్చే అంకె మీద ఒక రోగి మందు వేసుకుంటాడు, ఒక రైతు ఎరువు కొంటాడు, ఒక వంతెన మీద బస్సు నడుస్తుంది. వాళ్లకు మీ పరికరం కనపడదు, మీ సంతకమే కనపడుతుంది. వాళ్ల తరఫున రెండోసారి సరిచూడవలసింది మీరే.

నేడు అదే మౌంట్ విల్సన్ కొండ మీద ఆరు టెలిస్కోపులను 330 మీటర్ల మేర పరచి, వాటి వెలుగును కలిపి నక్షత్రాల వ్యాసాలు కొలుస్తున్నారు. అక్కడ ఇప్పటికీ ప్రతి తారకు ముందూ వెనకా, వ్యాసం ముందే తెలిసిన ఇంకో తారను చూసి పరికరాన్ని సరిచూసుకుంటారు. సాధనాలు వందేళ్లలో ఎంతో మారాయి గానీ ఆ నియమం మారలేదు. మీ వృత్తుల్లోనూ ఆ నియమాన్ని నిలబెట్టండి. మీ పేరు పక్కన రాసిన అంకెను తెలుగు నేలే కాదు, ప్రపంచమంతా నమ్మే రోజు రావాలి.