ఎప్పుడో వచ్చి తగ్గిన కామెర్లు



నాకిచ్చిన అంశం అరుదైన నరాల జబ్బులు. వాటి పేర్లు చదువుకుంటూ పోతే భోజనాల వేళ దాటుతుంది, మీకు ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఒక్క జబ్బునే పట్టుకుంటాను. అది విల్సన్ జబ్బు. అరుదైన నరాల జబ్బుల్లో చాలావాటికి మనం పేరు పెట్టగలం గాని మందు ఇవ్వలేం. దీనికి మందుంది, అదీ నోటితో మింగే మందు. అయినా నరాల డాక్టరు దగ్గరికి చేరేసరికి ఎంతోమంది పిల్లలకు మాట పోయి, చేతులు మెలితిరిగి ఉంటాయి. ఆ ఆలస్యంలో పెద్ద వాటా మన వైద్యులదే.

1912లో లండన్ క్వీన్ స్క్వేర్ ఆసుపత్రి వైద్యుడు కిన్నియర్ విల్సన్ 'బ్రెయిన్' పత్రికలో ఈ జబ్బును వర్ణించాడు. ఒకే ఇంటి పిల్లలకు వస్తోంది, మెదడు లోపలి భాగం దెబ్బతింటోంది, కాలేయం గట్టిపడుతోంది. ఆ రెండింటికీ లంకె ఏమిటో ఆయనకు అంతుపట్టలేదు. తమాషా ఏమిటంటే, అప్పటికి పదేళ్ల ముందే, 1902లో కైజర్, 1903లో ఫ్లైషర్ అనే జర్మన్ కంటి వైద్యులు కార్నియా అంచున ఒక రంగు వలయాన్ని చూసి రాసిపెట్టారు. కంటివాళ్లు కన్ను చూశారు, నరాలవాళ్లు నరాలు చూశారు. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే జబ్బు. ఇప్పుడు మాత్రం మనం అంతకంటే మెరుగ్గా ఉన్నామా అని నాకు అప్పుడప్పుడూ అనుమానం. మెదడులో, కాలేయంలో రాగి పేరుకుందని కమింగ్స్ చూపించింది 1948లో. ఆ రాగిని మూత్రంలోకి లాగే పెన్సిలమిన్‌ను జాన్ వాల్ష్ లోకానికి చెప్పింది 1956లో. పెన్సిలిన్ తీసుకున్న రోగుల మూత్రంలో ఆయన అంతకు ముందే ఆ పదార్థాన్ని గమనించి ఉన్నాడు.

మనం తినే తిండిలో రాగి రోజూ ఉంటుంది. అవసరానికి మించినదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ప్రోటీనుకు ఆధారమైన జన్యువు, ఏటీపీ7బీ, 13వ క్రోమోజోములో ఉంది. 1993లో కనుక్కున్నారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితే తూము పూడిన చెరువులా కాలేయం నిండుతుంది. తర్వాత రాగి పొంగి మెదడుకూ కంటికీ చేరుతుంది. సుమారు 30 వేల మందిలో ఒకరికి వస్తుందని లెక్క. మేనరికాలున్న ఇళ్లలో ఆ లెక్క మారుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రాక్టీసు చేస్తూ "నాకు ఇలాంటి కేసు తగలదులే" అనుకోవడానికి వీల్లేదు.

ఇంతకీ ఇది మీ క్లినిక్కుకు ఎలా వస్తుంది? విల్సన్ జబ్బు అని చీటీ పట్టుకుని రాదు. చిన్న వయసులో అయితే కామెర్లుగా వస్తుంది. ఇంట్లోవాళ్లు పసరు మందు పోయిస్తారు. కొన్నాళ్లకు పచ్చదనం తగ్గుతుంది, పసరుకు పేరొస్తుంది, సంగతి అందరూ మరిచిపోతారు. నాలుగైదేళ్లు పోయాక అదే పిల్లవాడి చేతిరాత చెడిపోతుంది. మార్కులు తగ్గుతాయి, మాస్టారు సోమరితనం అంటాడు. మాట ముద్దగా వస్తుంది, నోటి నుంచి చొంగ కారుతుంది, ముఖం మీద అర్థం లేని నవ్వు ఒకటి అతుక్కుపోయి ఉంటుంది. కొందరికి ముందు వచ్చేది కోపం, అనుమానం, ఒంటరితనం. అప్పుడు తాయెత్తు కడతారు, లేదా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. ఆయన హాలోపెరిడాల్ మొదలుపెడతాడు. చేతులు బిగుసుకుంటే అది మందు వల్ల అనుకుంటాడు. ఈ రోగులకు అలాంటి మందులతో బిగుతు ఇంకా పెరుగుతుంది కూడా. అసలు జబ్బు మందు చాటున దాక్కుంటుంది.

కాబట్టి వణుకో, మాట ముద్దో, ప్రవర్తనలో మార్పో ఉన్న కుర్రవాడు ఎదురుగా కూర్చుంటే రెండు ప్రశ్నలు అడగండి. చిన్నప్పుడు కామెర్లు వచ్చాయా? తోబుట్టువుల్లో ఎవరైనా కామెర్లతో గాని, కడుపులో నీరు చేరి గాని పోయారా? ఈ రెండింటికి స్కానింగు అక్కర్లేదు, అయిదు నిమిషాల ఓపిక చాలు. నా అనుభవంలో తల్లులు ఈ సంగతులు దాచరు, అడిగేవాళ్లే తక్కువ.

తర్వాత కంటి డాక్టరు దగ్గరికి పంపండి. మన కళ్లు నల్లనివి, ఆ వలయం టార్చిలైటుకు దొరక్కపోవచ్చు. స్లిట్ ల్యాంప్ కావాలి. నరాల లక్షణాలున్నవాళ్లలో దాదాపు అందరికీ వలయం ఉంటుంది. కాలేయం మటుకే దెబ్బతిన్నవాళ్లలో సగం మందికి ఉండకపోవచ్చు. అందుచేత వలయం లేదన్నంత మాత్రాన ఫైలు మూసేయకండి. రక్తంలో సెరులోప్లాస్మిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే అనుమానం బలపడుతుంది. ఒంట్లో వాపో, ఇన్‌ఫెక్షనో ఉంటే అది పెరిగి మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. 24 గంటల మూత్రంలో రాగి 100 మైక్రోగ్రాములు దాటిందా చూడాలి. ఇక్కడ తప్పు జరిగేది ల్యాబులో కంటే ఇంట్లోనే. పొద్దున మొదటిసారి పోసింది వదిలేసి, అక్కడి నుంచి మర్నాడు అదే వేళ వరకు ఒక్క చుక్క పోకుండా, లోహం తగలని డబ్బాలో పట్టమని తల్లికి నిదానంగా చెప్పాలి. చెప్పే బాధ్యత నర్సుకు వదిలేయకండి.

మందు మొదలుపెట్టడంలోనూ తొందర పనికిరాదు. పెన్సిలమిన్ పరగడుపున, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతాం, తోడుగా పిరిడాక్సిన్ ఇస్తాం. నరాల లక్షణాలున్నవాళ్లలో కొందరికి మొదట్లో జబ్బు పెరుగుతుంది. ఇది ముందే చెప్పకపోతే ఇంట్లోవాళ్లు మందు మానేసి మళ్లీ కనిపించరు. రక్తకణాలు, మూత్రంలో ప్రోటీను చూస్తూ ఉండాలి. పెన్సిలమిన్ పడనివాళ్లకు ట్రయంటీన్ ఉంది. పేగులోనే రాగిని అడ్డుకునే జింకు ఉంది, దాన్ని తిండికి దూరంగా ఇవ్వాలి. కాలేయం పూర్తిగా పోతే మార్పిడి తప్ప దారి లేదు. కార్జం, పీతలు, జీడిపప్పు తగ్గించమంటాం. రాగి చెంబులో నీళ్లు వీళ్లు తాగకూడదు. మిగతా ఇంటిల్లిపాదీ భయపడి చెంబు పారేయనక్కర్లేదు, ఈ జబ్బు చెంబు వల్ల వచ్చింది కాదు.

అన్నిటికంటే కష్టమైన భాగం ఆ తర్వాతే ఉంది. మందు జీవితాంతం వాడాలి. బాగుపడిన పిల్లవాడు "నాకేం జబ్బు లేదుగా" అని మానేస్తాడు. ఆడపిల్లల సంగతి మరీ ఘోరం. పెళ్లి కుదరగానే అత్తవారింట్లో తెలుస్తుందని మాత్రల సీసా ఇక్కడే వదిలి పంపుతారు. మానేసిన కొన్ని నెలలకో ఏళ్లకో కాలేయం ఒక్కసారిగా కుప్పకూలి ప్రాణం పోవచ్చు. సరిగ్గా వాడుతూ, గర్భంలోనూ డాక్టరు చెప్పిన మోతాదు మానకుండా పిల్లల్ని కన్న తల్లులు ఎంతోమంది ఉన్నారు. ఈ మాట ఆ అమ్మాయితోనే కాదు, కట్టుకోబోయేవాడితో, అత్తమామలతో కూర్చుని చెప్పవలసింది మీరే. పట్నంలో ఉండే నాకంటే ఆ ఇళ్లలో మీ మాటకే విలువ ఎక్కువ.

చివరిగా ఒక మనవి. ఈ జబ్బు ఒకరికి తేలిందంటే, తోడబుట్టినవాళ్లలో ఒక్కొక్కరికీ నూటికి 25 పాళ్లు వచ్చే వీలుంది. వాళ్లకింకా ఏ లక్షణమూ ఉండకపోవచ్చు, అప్పుడే మందు మొదలుపెడితే చాలావరకు ఏ లక్షణమూ రాదు కూడా. రోగిని మా దగ్గరికి పంపేటప్పుడు, అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్లనీ వెంట తీసుకెళ్లమని అదే చీటీ మీద రాసి పంపండి.