ప్రక్కనున్న చేయి



సికిందరాబాదులో శస్త్రవైద్యమునుగూర్చి ముచ్చటింపబూనినపుడు నాకు మొదట స్ఫురించునది ఆపరేషను థియేటరు గాదు, బేగంపేటలోని ఒక చిన్న ప్రయోగశాల. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్, గాలికి దోమలెగిరిపోవునని పంకా వలదని, చెమటకు మరలు త్రుప్పుపట్టిన సూక్ష్మదర్శినిపై వంగి, సూదిమొనతో దోమ పొట్టను విడదీసి, దాని గోడయందు మలేరియా జీవి జాడను కనుగొనెను. కంటికిని చేతికిని నడుమ నొక యంత్రము నిలుచుట ఈ యూరికి క్రొత్త గాదు.

మా గురువుల కాలమున పిత్తాశయమును తీయుటకు జానెడు కోత వలసియుండెడిది. 1985లో జర్మనీయందు ఎరిక్ మ్యూహె, 1990లో బొంబాయియందు తెహెంటన్ ఉద్వాడియా, కడుపును బొగ్గుపులుసు వాయువుతో నుబ్బించి, చిన్న రంధ్రములగుండ కెమెరాను పరికరములను చొప్పించి, అదే పని నెరవేర్చిరి. పిదప రోబో వచ్చినది. డెట్రాయిట్‌లో మన రాజ్ వట్టికూటి పేరిట వెలసిన మూత్రకోశ వైద్యసంస్థ దానికి పెట్టినది పేరు. 2023లో మన హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రికిని అది చేరినది.

ఆ యంత్రము చేతివణకును వడగట్టును, మణికట్టు తిరుగలేని తావున తిరుగును. అయినను నేనెఱిగిన రోబో స్పర్శ నెఱుగదు. తొలిసారి ఆ రోబోను నడపు కన్సోలుకడ కూర్చుండి ముడివేసినపుడు, ఎంత బిగించితినో వ్రేళ్లకు తెలియక, దారము పుటుక్కున తెగినది. దారము సాగుటను, కండ పాలిపోవుటను చూచి బిగువు నెఱుగుట కన్నునకు నేర్పుటలోనే నాకు నెలలు గడచినవి.

ఇక దూరపుమాట. 2001 సెప్టెంబరు 7న ఝాక్ మారెస్కో న్యూయార్కునందు కూర్చుండి, రోబోద్వారా సముద్రమునకావల స్ట్రాస్‌బర్గ్‌లోనున్న 68 ఏండ్ల స్త్రీకి పిత్తాశయమును తొలగించెను. ఆయన చేయి కదలుటకును, ఆ కదలిక తెరపై కనబడుటకును నడుమ పట్టిన కాలము సుమారు 155 మిల్లీసెకండ్లు. లోకము ఆయనను కొనియాడినది, యుక్తమే. ఆ రెండు తావులను కలుపు తీగ తెగినచో తక్షణమే చేయందించుటకై రోగి ప్రక్కనే నిలిచియున్న వైద్యులను మాత్రము ఎవరును తలపరు. ఆ మఱపు నాకు నచ్చదు.

ఏలయన, నేడు పట్టములందుకొనుచున్న యువవైద్యులారా, మీలో పలువురు పోవునది కన్సోలుకడకు గాదు, జిల్లా ఆసుపత్రికి. ఎన్నడో నగరమునుండి ఒక నిపుణుడు మీ ముందటి రోగికి శస్త్రము చేయుచుండగా తెర నల్లబడినచో, గ్లౌజులు తొడిగికొని యుండవలసినవారు మీరే. శస్త్రవైద్యము నభ్యసింపబోవు మిత్రులారా, రోబోను నేర్చుకొనుడు. అంతకుముందు ఆ జానెడు కోతను నేర్చుకొనుడు.