మూత తెరిచాక లాప్‌టాప్ ఎందుకు ఆలోచిస్తుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం స్టూడెంట్స్, ఇది మీకోసమే. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, లోపల పాత హార్డ్ డిస్క్. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి మూత తెరిస్తే స్క్రీన్ నల్లగానే ఉంటుంది! ర్యామ్‌లో అంతా అలాగే ఉంది కదా, మరి లేటెందుకు?

మదనపల్లె టమాటా మార్కెట్ ఊహించుకోండి. పది లారీలకీ ఒకటే హమాలీ గుంపు అయితే మధ్యాహ్నం అయిపోతుంది. లైనక్స్ కూడా ముందు అంతే. హార్డ్ డిస్క్ తిరిగి స్పీడ్ అందుకునేదాకా, లిస్టులో దాని వెనకున్న డివైజ్‌లన్నీ కాచుకొని ఉండాల్సిందే. 2010లో వచ్చిన 2.6.34 కెర్నల్‌లో దీన్ని మార్చారు. ఆ పని చేసింది పోలండ్ డెవలపర్ రాఫెల్ విసోత్స్కీ. ఇప్పుడు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి ఒకేసారి లేస్తాయి.

కానీ గేటు తెరవకుండా లారీ లోపలికి రాదు కదా? యూఎస్‌బీ కంట్రోలర్ లేచాకే మౌస్ లేవాలి. ఈ వరుస తప్పితే మెషీన్ హ్యాంగ్. అందుకే అన్ని డివైజ్‌లకీ కాదు, దీనికి రెడీ అని గుర్తు పెట్టినవాటికే ఈ పద్ధతి.

మీ లైనక్స్ లాప్‌టాప్ నిద్ర లేచేటప్పుడు హ్యాంగ్ అవుతోందా? సిస్ ఫోల్డర్‌లో పవర్, అందులో పీఎం అండర్‌స్కోర్ అసింక్ ఫైల్. రూట్‌గా అందులో 1 తీసి 0 పెట్టి చూడండి. హ్యాంగ్ ఆగిందంటే గొడవ ఈ వరుసలోనే. భయం లేదు, రీస్టార్ట్ చేస్తే మళ్ళీ 1 అవుతుంది.