ఫిర్యాదు చేసిన సభ్యుడు శత్రువు కాదు

(మండల బాధ్యుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రామ మహాసభలు మొదలవుతున్నాయి. తర్వాత మండలం, ఆపైన జిల్లా. కొత్త కమిటీలను ఎన్నుకునే ఈ రోజుల్లోనే మనకు ఫిర్యాదులు ఎక్కువగా వస్తాయి. సభ్యత్వం కట్టినా జాబితాలో పేరు లేదని ఒకరంటారు. మహాసభ తేదీ తమ వాడకు చెప్పనేలేదని ఇంకొకరంటారు. కౌలు రైతును ఓటుకు రానివ్వలేదంటారు, భార్య పేరున కట్టిన రసీదుకు భర్త వచ్చి చెయ్యెత్తాడంటారు. ఇలాంటివి వినగానే మనలో కొందరు "వీడెవడి మనిషి?" అని ముందు ఆరా తీస్తారు. అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. చెప్పింది నిజమా కాదా అన్నదే అడగాలి.

ఫిర్యాదును పక్కన పెడితే ఎంతదాకా పోతుందో అమెరికా బొగ్గుగని కార్మికుల చరిత్ర చెబుతుంది. 1968 నవంబరు 20న ఫార్మింగ్టన్ గనిలో పేలుడు జరిగి 78 మంది చనిపోయారు. యునైటెడ్ మైన్ వర్కర్స్ సంఘం అధ్యక్షుడు టోనీ బాయిల్ అక్కడికి వచ్చి కంపెనీనే మెచ్చుకున్నారు. కార్మికులు మండిపడ్డారు. మరుసటి ఏడాది ఆ సంఘం నాయకుడే అయిన జోసెఫ్ యాబ్లాన్‌స్కీ ఆయన మీద పోటీకి దిగారు.

యాబ్లాన్‌స్కీ ఫిర్యాదులు మనకు కొత్తవేమీ కావు. సంఘం పత్రిక నిండా అధ్యక్షుడి ప్రచారమే. పోటీదారు కరపత్రాలు సభ్యులకు పంపించడానికి కూడా కోర్టుకు పోవాల్సి వచ్చింది. పనిచేసే కార్మికులు లేని శాఖలను పింఛనుదారుల ఓట్ల కోసం నిలిపి ఉంచారు. ఎన్నికల ఏడాదిలోనే పింఛను 115 డాలర్ల నుంచి 150కి పెరిగింది. దర్యాప్తు చేయమని అడిగితే, ఓటింగ్ అయ్యేదాకా చేయబోమని ప్రభుత్వ కార్మిక శాఖ చెప్పింది.

1969 డిసెంబరు 9న ఎన్నిక జరిగింది. బాయిల్ గెలిచినట్లు ప్రకటించారు. యాబ్లాన్‌స్కీ ఫలితాన్ని సవాలు చేశారు. డిసెంబరు 31న ఆయననూ, భార్యనూ, కూతురినీ ఇంట్లోనే కాల్చి చంపారు. సంఘం డబ్బుతోనే బాయిల్ ఆ హత్యలు చేయించినట్లు తర్వాత కోర్టులో రుజువైంది.

కార్మికులు భయపడి ఊరుకోలేదు. 'ప్రజాస్వామ్యం కోసం గని కార్మికులు' అనే వేదిక పెట్టుకున్నారు. ప్రభుత్వం వేసిన కేసులో సభ్యుడు కూడా తన వాదన వినిపించవచ్చని 1972లో సుప్రీంకోర్టు చేత చెప్పించుకున్నారు. అదే ఏడాది మే నెలలో పాత ఎన్నిక రద్దయింది. డిసెంబరులో మళ్లీ ఓటింగ్ జరిగితే గని కార్మికుడు ఆర్నాల్డ్ మిల్లర్ గెలిచారు. యాజమాన్యంతో ఒప్పందాన్ని ఆమోదించే హక్కు సభ్యులకు దక్కింది. అయితే ఓటింగ్ నుంచి రద్దు దాకా రెండేళ్ల మీద నాలుగు నెలలు పట్టింది. ఓటుకు ముందే విచారించి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

మన దేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కింద ఎన్నిక వివాదాన్ని తేల్చే అధికారం రిజిస్ట్రారుకు ఉండేది కాదు. అందుకే ఆ వివాదాలు సివిల్ కోర్టులకెక్కి ఏళ్ల తరబడి నలిగాయి. రెండు వర్గాలూ మాదే అసలు కమిటీ అని కోర్టు చుట్టూ తిరుగుతుంటే, గిట్టుబాటు ధర గురించి, పంట నష్టపరిహారం గురించి అధికారుల ముందు ఎవరు మాట్లాడతారు? రైతు గోడు అక్కడే ఆగిపోతుంది. కాబట్టి మన తగువు మన ఇంట్లోనే, న్యాయంగా, తొందరగా తీరాలి.

అందుకు మేము ఈ పద్ధతిని మీ ముందు పెడుతున్నాం. మహాసభకు 15 రోజుల ముందే సభ్యుల జాబితాను ఊళ్లో అందరికీ కనబడే చోట అంటించాలి. పోటీలో లేని ముగ్గురితో ఫిర్యాదుల కమిటీ వేయాలి. అందులో ఒక మహిళా రైతు, ఒక కౌలు రైతు ఉండాలి. ఫిర్యాదు తీసుకున్న వెంటనే తేదీ వేసి రసీదు ఇవ్వాలి. రాయలేని వారు నోటితో చెబితే మనమే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. జాబితా ఫిర్యాదు మూడు రోజుల్లో, మిగతావి ఓటింగుకు ముందే తేల్చాలి. ఎందుకు ఒప్పుకున్నామో, ఎందుకు కాదన్నామో కాగితం మీద ఉండాలి. పోటీ ఉన్న చోట చేతులెత్తడం వద్దు, రహస్య ఓటే పెట్టాలి. లెక్కింపు రెండు పక్షాల మనుషుల ముందు జరగాలి. ఓటు చీటీలను సీలువేసి మూడు నెలలు దాచాలి. తీర్పు నచ్చనివారు పై కమిటీకి వెళ్లవచ్చు. ఫిర్యాదు చేసినందుకు ఎవరి సభ్యత్వమూ తీసేయకూడదు.

ఇంత తతంగం ఎందుకు, అందరం ఒక ఊరివాళ్లమే కదా అని కొందరు అంటున్నారు. ఒకే ఊరు కాబట్టే ఇది మరింత కావాలి. ఓడినవాడు రేపు ధర్నాలో మన పక్కనే కూర్చోవాలి. న్యాయంగా ఓడిపోయానని అతనికి నమ్మకం కుదిరితేనే వస్తాడు. లేకపోతే అతనితోపాటు పది ఇళ్లు సంఘానికి దూరమవుతాయి.

మిత్రులారా, మార్కెట్ యార్డులో తూకం సరిగ్గా ఉండాలని పోరాడేవాళ్లం మనం. మన సంఘంలో తూకం కూడా అంతే సరిగ్గా ఉండాలి. ఈ పద్ధతిని ప్రతి గ్రామ కమిటీలో చదివి, చర్చించి, తీర్మానం చేసి పంపండి. జాబితాలు అంటించే పని వెంటనే మొదలుపెడదాం.